బావ కొన్న చిన్న తుపాకి

మొన్న ఆదివారం ఇర్వింగ్‌లో అక్క మనవడు ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు. తెర మీద సన్నటి తుపాకి. "చిన్నమ్మమ్మా, డీర్ సీజన్‌లో జింకల వేటకి ఇదే బుక్ చేశా. బుల్లెట్ చిన్నది, కాలిస్తే వెనక్కి తన్నే కిక్ అస్సలుండదు" అన్నాడు. "నీ భుజానికి ఉండదులే" అన్నాను. వాడు నవ్వాడు. అలాంటి తుపాకే వాళ్ల తాతకీ ఉండేదని వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

వాళ్ల తాత అంటే మా బావ. ఆయనా అక్కా అప్పట్లో హైవే పక్కన చిన్న మోటెల్ నడిపేవాళ్లు. నేను దుప్పట్లు ఉతికి పెట్టడానికి వచ్చి అక్కడే ఉండిపోయాను. చలి మొదలైతే గదుల నిండా వేటగాళ్లే. వాళ్ల బూట్ల బురద కడిగేది నేను, వాళ్ల గొప్పలు వినేది బావ. వినీ వినీ ఆయనకూ సరదా పుట్టింది. కానీ భుజానికి ఆపరేషనైన మనిషి, పెద్ద తుపాకి తన్నితే తట్టుకోలేడు. అందుకని చిన్నది కొన్నాడు. "కాకుల్ని కొట్టడానికా బావా?" అంటే "ముందు నీ నోటి మీద ట్రై చేస్తా మరదలా" అనేవాడు.

మోటెల్ వెనక పొలం ఒక తెల్ల ముసలామెది. ఆమె ఆ తుపాకిని చూసి నవ్వలేదు. చిన్న తూటాకీ జింక పడుతుంది, కాకపోతే అది పక్కకు తిరిగి నిలబడితేనే కాల్చు, ముందుకాలి వెనక తగలాలి అంది. గాయం చిన్నదైతే నెత్తురు బయటికి రాదు, జాడ దొరకదు. అందుకని కాల్చాక నింపాదిగా కాఫీ తాగి అప్పుడు దిగాలి. తరిమితే, పడుకోవాల్సిన జంతువు లేచి నడుస్తూనే ఉంటుంది. "దెబ్బ తిన్నదాన్ని నా పొలంలో వదిలేస్తే మళ్లీ ఈ గేటు దాటనివ్వను" అని కూడా అంది. ఇదంతా నాకు తెలుగులో చెప్పింది బావే. చెప్పాడు గానీ తను చెవికెక్కించుకోలేదు.

వాన వెలిసిన ఒక సాయంత్రం బావ వేటకి బయల్దేరితే కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నేనూ వెళ్లాను. ముసలామె పొలంలో వేటగాళ్ల కోసం ఎత్తున కట్టిన రేకుల గూట్లో నిచ్చెనెక్కి కూర్చున్నాం. కింద ఎరగా చల్లిన మొక్కజొన్నల దగ్గరికి జింక వచ్చింది. బావ కాల్చాడు. అది ఒక్కసారి వంగి పొదల్లోకి పోయింది. "కాఫీ" అన్నాను. "కాఫీ లేదు, గీఫీ లేదు, రా!" అని దిగి పరుగెత్తాడు. ఫ్లాస్కు నిచ్చెన దగ్గర పెట్టి నేనూ వెంట పడ్డాను. ముళ్లు గీరుకుంటూ తిరిగాం. నెత్తురు చుక్క లేదు. వెలుతురు తగ్గుతోంది. పక్షులన్నీ ఒక్కసారే నోరు మూసుకున్నాయి. అప్పుడు దగ్గు వినిపించింది, అచ్చం మనిషి దగ్గులా.

"నువ్వేనా?" అన్నాడు బావ.

"నేను దగ్గలేదు బావా."

మేము నడిస్తే ఆకులు కదిలేవి, ఆగితే ఆగేవి. వాగు అడ్డం వచ్చి వెనక్కి తిరిగాం. తడి ఇసుకలో మేము వేసుకొచ్చిన అడుగులున్నాయి. బావ బూటు అచ్చు నడుమ ఎర్రటి చుక్క. నా చెప్పు అచ్చులో ఇంకోటి. పక్కన కాదు, అడుగుల మీదే. అప్పటికి నాకు అక్షరాలు రావు, అది మాత్రం ఎవరూ చదివి చెప్పనక్కర్లేకపోయింది. మేము వెతుకుతున్నంతసేపూ అది మా వెనకే నడిచింది.

మేము తిరగ్గానే అదీ తిరిగినట్టుంది. చుక్కల వెంట నడిస్తే మళ్లీ రేకుల గూటికే వచ్చాం. నిచ్చెన కింద, ఫ్లాస్కు పక్కన, జింక పడుకుని ఉంది. ఇంకా ఊపిరుంది. కళ్లు మా దారి వైపే ఉన్నాయి. బావ తుపాకి దించేశాడు.

"నావల్ల కాదు మరదలా."

"మొదలుపెట్టింది నువ్వే. ముగించు."

ముగించాడు. తర్వాత నేను కాఫీ పోస్తే ఇంకా పొగలు కక్కుతోంది. ఇద్దరం ముట్టుకోలేదు.

ముసలామె గేటు మూయలేదు. బావే మళ్లీ దాటలేదు. కానీ ఆయన చనిపోయేదాకా, తడి నేల మీద నాలుగడుగులు వేస్తే ఆగి వెనక్కి చూసేవాడు. మోటెల్ పార్కింగ్‌లో కూడా. "ఏముంది బావా?" అంటే "ఏం లేదు, నువ్వు నడువు" అనేవాడు.

మనవడు అంతా విని "అయితే ఆర్డర్ క్యాన్సిల్ చేయమంటావా?" అన్నాడు. "తుపాకి ఉంచుకో. ఒక ఫ్లాస్కు కూడా కొనుక్కో" అన్నాను.

ఈ మధ్య వాన వెలిశాక నడకకు వెళ్తే నేనూ ఆగి వెనక్కి చూస్తున్నాను. కాలం ముందెక్కడో ఉంటుందనుకుని ఇన్నేళ్లూ దాని కోసం పరుగెత్తాను. అదేమో నా అడుగుల్లోనే కాలు పెట్టుకుంటూ వెనకే వస్తోంది.