వెల్లకిలా

నాకు ధ్యానం నేర్పడానికి మిడిల్ పాయింట్‌లో పదకొండుమంది పూనుకున్నారు. అందులో గురువు ఒక్కరే. మిగతా పదిమందీ నాలాగే నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు. అయినా నా మోకాలు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తప్ప అందరికీ తెలుసు.

అసలు నాకు ధ్యానంతో ఏం పని? పోర్ట్ బ్లెయిర్‌కి అవతలి ఒడ్డున, హోప్ టౌన్‌లో జాకెట్లు కుట్టుకుని బతికే మనిషిని. కుడికంట్లో శుక్లం ముదిరింది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి వదినని పిలవాల్సి వస్తోంది. ముప్పై ఏళ్లు మిషను తొక్కినదానికి అంతకన్నా నామర్దా ఏముంది? కంటి ఆపరేషన్లు చేసే డాక్టరు మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి, ఎప్పుడో గాని రాడు. వచ్చిన రెండుసార్లూ నన్ను బల్ల ఎక్కించారు, ముఖం మీద గుడ్డ కప్పారు, అంతే, బీపీ చుక్కలు తాకింది. రెండుసార్లూ దింపేశారు. మూడోసారి కూడా ఇదే తంతయితే ఓడెక్కి చెన్నై పోవాల్సిందే అన్నాడు డాక్టరు. మూడు రోజుల ప్రయాణం, తోడు రావడానికి మనిషి లేదు. ఈలోగా ఎడమకన్ను కూడా మసకేస్తోంది. కన్ను పోతే నా మిషను పోయినట్టే, మిషను పోతే నా కూడు పోయినట్టే. "మాత్రలు వేసుకుంటూ రోజూ కాసేపు ధ్యానం చెయ్యండి" అని ఒక ఉచిత సలహా పారేసి విమానం ఎక్కేశాడు ఆయన.

ఆ మాట వదిన చెవిన పడటమే ఆలస్యం, మర్నాడే నన్ను ఫెర్రీ ఎక్కించి అవతలి ఒడ్డుకి లాక్కుపోయింది. మిడిల్ పాయింట్‌లో ఒక హాల్లో పొద్దున్నే క్లాసు. గురువుగారు ఏదో పెద్ద ఉద్యోగం చేసి రిటైరై ఇక్కడే ఉండిపోయిన మనిషి. ఉద్యోగంలో ఉండగా ఫైళ్లు ఎలా తొక్కిపెట్టేవారో నేను చూడలేదు గాని, మా మోకాళ్లు తొక్కిపెట్టడం మాత్రం కళ్లారా చూశాను.

"సుఖంగా కూర్చోండి" అంటారు. సుఖంగా కూర్చుంటే అలా కాదంటారు. పద్మాసనం వేయమన్నారు. కుడిపాదం ఎడమ తొడ మీదికి రానంది. ఆయనే వచ్చి లాగారు. ప్రాణం పోయినంత పనైంది. తర్వాత వజ్రాసనం. మడమల మీద కూర్చుంటే చీలమండలు చీలిపోయాయి. గోడకి ఆనుకుంటే నా శక్తంతా గోడలోకి పోతుందట! ఆ గోడకి పెచ్చులూడి ఇటుకలు కనిపిస్తున్నాయి, ఎవరి శక్తీ అందులోకి పోయిన జాడ లేదు.

"కుర్చీలో కూకుంటాను మాస్టారూ" అన్నాను.

"కుర్చీ ముసలివాళ్లకమ్మా. మీకేం వయసు?"

"నా వయసు మోకాళ్లకి తెలుసండి, మీకేటి తెలుసు?"

పదిమందీ ఒక్కొక్క కన్ను తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకున్నారు. ఏం ఆడవాళ్లు బాబూ! ఒకావిడ గుండ్రటి దిండు తెప్పించుకుంటే మర్నాటికి పక్కావిడ చంద్రవంక దిండు తెచ్చింది. మోకాలి కింద ఒకటి, మడమ కింద ఒకటి, నడుముకి ఇంకొకటి. కూర్చోవడానికి ఇంత సామానా! నేను ఇంట్లోని తెల్లదుప్పటి మడిచి వేసుకుంటే దాని వంక అదోలా చూశారు. ఆ చూపులకే నా ఒళ్లు మండిపోయేది.

రోజూ తిరిగి వచ్చేటప్పుడు జెట్టీ దగ్గర మందుల షాపులో బీపీ చూపించుకునేదాన్ని. ధ్యానం మొదలెట్టిన నెలకి, మొదలెట్టక ముందుకన్నా ఎక్కువైంది.

"మీ గురువుగారి మహిమ" అన్నాను వదినతో.

"గురువుగారు కాదే, నీ నోరే నీ బీపీ" అంది వదిన. నాకు ఇంకాస్త కోపం వచ్చింది.

ఒకరోజు ఇంట్లో జాకెట్టు గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర చేతిలోనే ఆగిపోయింది. బుర్ర లేని పని! నెల రోజులుగా కూర్చోవడం నేర్చుకుంటున్నాను, ఆపరేషన్ థియేటర్‌లో నన్ను కూర్చోబెట్టేదెవరు? అక్కడ వెల్లకిలా పడుకోవాలి, ముఖాన గుడ్డతో. ఈ ముక్క డాక్టరుకి తట్టలేదు, గురువుకి తట్టలేదు, వదినకి తట్టలేదు. రెండుసార్లు ఆ బల్ల మీద పడుకుని లేచొచ్చిన నాకే తట్టలేదు, ఇంకొకళ్లని అనడం దేనికి?

మర్నాడు వెళ్లగానే అడిగేశాను. "మాస్టారూ, నాకు వెల్లకిలా పడుకుని బెదిరిపోకుండా ఉండటం కావాలి. అది సెప్పండి."

"పడుకుంటే అది నిద్రమ్మా, ధ్యానం కాదు. చివర్లో ఐదు నిమిషాలు పడుకోబెడుతున్నాను కదా."

"ఆ ఐదు నిమిషాలే గంటసేపు సేయించండి."

"క్లాసుకి ఒక క్రమం ఉంటుంది."

"మీ క్రమం మీ దగ్గరే ఉంచుకోండి" అని దుప్పటి చంకన పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని వచ్చేశాను. వదిన నా వెనక రాలేదు. రాకపోతే పోయింది.

ఆ వేళ హోప్ టౌన్ వచ్చే ఫెర్రీలో రద్దీ ఉండదు. వెనక పొడుగాటి బెంచీ ఖాళీగా ఉంది. ఎవరేమనుకుంటే నాకేం? ఎక్కి వెల్లకిలా పడుకున్నాను. కాళ్లు చాపి, దుప్పటి పాదాల నుంచి లాక్కుని ముఖం మీదుగా కప్పేసుకున్నాను. గుండె దడదడలాడింది. వీపు కింద ఇంజను అదురుతోంది. ఉండు, ఉండు అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. నడుముకి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. నెల రోజుల్లో ఎక్కడా నొప్పి లేకపోవడం అదే మొదలు.

కాసేపటికి మాటలు ఆగిపోయాయి. చెప్పులు విడుస్తున్న చప్పుడు. బెంచీల మీంచి లేస్తున్న చప్పుడు.

పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రిలో పోయినవాళ్లని మా ఒడ్డుకి తెచ్చేది ఈ ఫెర్రీలోనే. శవం ఎక్కిందంటే మనుషులు లేచి, చెప్పులు విడిచి, అవతలి ఒడ్డు చేరేదాకా నిలబడతారు. ఎవరూ చెప్పరు, అందరూ చేస్తారు. ఇప్పుడు నాకు చేస్తున్నారు.

"కౌన్ గుజర్ గయా భయ్యా?" ఎవరు పోయారని ఒకడు అడిగాడు.

"తెల్దు. పక్కన మనిషి కూడా నేదు, పాపం" అన్నాడు ఇంకొకడు.

నాలుగేళ్ల కిందట మా ఆయన్ని ఇలాగే తెచ్చాను, ఈ ఫెర్రీలోనే. బీపీ మాత్రలు ఇస్తే నా కళ్ల ముందే కిటికీలోంచి విసిరేసేవాడు, మూర్ఖుడు. ఆ రోజు ఎండ ముఖాన పడుతోందని దుప్పటి పైకి లాగి కప్పింది నేనే. అప్పుడూ ఇదే నిశ్శబ్దం. ఇన్నాళ్లూ ఆ థియేటర్ చల్లదనాన్ని తిట్టాను, గుడ్డ వాసనని తిట్టాను, నర్సుల్ని తిట్టాను. నాది కోపం కాదు, భయం. దుప్పటి కింద వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయనకేం, హాయిగా పడుకున్నాడు. కాలిపోతున్న డెక్కు మీద చెప్పుల్లేకుండా నిలబడింది నేను.

దుప్పటి కదలడం ఎవరో చూసినట్టున్నారు, కెవ్వుమన్నారు.

"బతికే ఉన్నాను, కూకోండి!" అని లోపల్నుంచే అరిచి, ముఖం మీది దుప్పటి తీశాను.

ఒకావిడ సంచి జారవిడిచింది. వంకాయలు డెక్కంతా దొర్లాయి. ఇదేం వేళాకోళమని ఒక పెద్దమనిషి నా మీదికి వచ్చాడు. "ఐసా మజాక్ నహీ కర్తే, దీదీ!"

"మజాక్ కాదు బాబూ, ప్రాక్టీసు" అని మళ్లీ ముఖం కప్పేసుకున్నాను.

తర్వాత నెలా పదిహేను రోజులు అదే నా క్లాసు. పొద్దున్నే వెళ్లడం, అదే బెంచీ మీద పడుకుని రావడం. కొత్తవాళ్లు ఎవరైనా చెప్పులు విప్పబోతే ఫెర్రీవాళ్లే చెప్పేవారు, ఆవిడ బతికే ఉంది, కూర్చోండి అని. మందుల షాపులో అంకె మెల్లగా దిగింది. కొన్ని రోజులు ఏడ్చేదాన్ని, కొన్ని రోజులు ఆయన్ని తిట్టుకునేదాన్ని. దీన్ని గురువుగారు ధ్యానమంటారో అనరో నాకు అనవసరం.

డాక్టరు మూడోసారి వచ్చాడు. బల్ల మీద పడుకున్నాను. అదే చల్లదనం, అదే వాసన, అదే నర్సు. నన్ను రెండుసార్లు దింపిన పిల్ల కదా, గుడ్డ పట్టుకుని సంకోచించింది.

"కప్పేదా దీదీ?"

భయం వెయ్యలేదని అబద్ధం ఆడను. ఆ రోజు ఫెర్రీలో నేను మా ఆయన్ని ఈ మాట అడగలేదు, కప్పేశాను.

"కప్పమ్మా" అన్నాను.

చేతికి చుట్టిన పట్టీ బిగుసుకుని, వదులైంది. నర్సు అంకె చదివింది. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఈసారి నన్ను లేవమని ఎవరూ అనలేదు.