బాయిలర్ గదిలో అట్టపెట్టెలు

మొన్న చలిగాలి కొడుతోందని మా కోడలు స్నానాల గది వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టింది. లోపల గ్యాస్ గీజర్ ఉంది. నేను స్టూలెక్కి ఆ అట్ట పీకేశాను. ఈ వయసులో స్టూలెక్కడమేమిటని అందరూ కోప్పడ్డారు గానీ, కారణం చెప్పాలంటే తబూక్ దాకా వెళ్ళాలి.

సౌదీ అంటే ఎండా ఇసుకా అనుకునేవాళ్ళు నమ్మరు గానీ, అక్కడ పనిచేసి వచ్చిన నా ఈడు వాళ్ళకు తెలుసు, తబూక్‌లో చలికాలం పొద్దున్నే కారు అద్దం మీద మంచు గీకాల్సి వచ్చేది. నేను మొదట తాపీపని చేసేవాణ్ణి. సౌదీ వాళ్ళకే ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ నియమం వచ్చి మా కంపెనీ ఎరుపు జాబితాలో పడ్డాక, అక్కడుండడానికి కావలసిన ఇకామా కార్డు రెన్యువల్ కాక దిక్కుతోచకుండా ఉన్నప్పుడు, ఇళ్ళ మరమ్మతులు చేసే చిన్న సంస్థకు నా కఫాలా, అంటే యజమాని పూచీ, మార్పించి, నలభై దాటిన వాడికి కొత్త పని నేర్పినవాడు కడప నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయన్ని అందరం చాచా అనేవాళ్ళం.

పాత విల్లాల్లో నీళ్ళు కాచి గొట్టాల ద్వారా గదులకు వెచ్చదనం పంపే డీజిల్ బాయిలర్లుండేవి. ఏ ఇంటికి వెళ్ళినా చాచా పానా బయటికి తీసేవాడు కాదు. ముందు బాయిలర్ గది గుమ్మంలో నిలబడి చుట్టూ చూసేవాడు. తివాచీలు, కుర్చీలు, డేరాలు ఏవున్నా, చెయ్యి చాపితే తగలనంత దూరం తానే మోసి జరిపేవాడు. గోడకున్న గాలి కన్నాల్లో వేలు పెట్టి దుమ్ము దులిపేవాడు. ఇది మన పనా అని నేను విసుక్కుంటే, “మంటక్కూడా గాలి కావాలప్పా. అది దొరక్కపోతే ఇంట్లో వాళ్ళ ఊపిరి తీస్తాది,” అనేవాడు. చాదస్తమనుకున్నాను.

వెంట తెచ్చుకున్న కుటుంబాల మీద నెలకు తలకింతని లెవీ పన్ను పడ్డాక చాలామంది భార్యాపిల్లల్ని ఇంటికి పంపేయసాగారు. చాచా కూడా పంపేశాడు. ఆ చలికాలం ఒక ఉదయం, ఇల్లు వేడెక్కడం లేదని ఫోనొస్తే నేనొక్కణ్ణే వెళ్ళాను. హైదరాబాద్ నుంచి వచ్చి ఆఫీసులో పనిచేసే ఒకాయన, భార్య, ఇద్దరు పిల్లలు ఆ ఇంట్లో ఉండేవాళ్ళు. వాళ్ళూ ప్రయాణానికి సామాను కడుతున్నారు. పిల్లలు సోఫాలో వాలిపోయి ఉన్నారు. “పొద్దున్నుంచి తలనొప్పంటున్నరు, కక్కుకుంటున్నరు భయ్యా. హోటల్ తిండి పడలేదేమో,” అన్నాడాయన. తల్లి కూడా తల పట్టుకుని కూర్చుంది.

వంటింటి పక్కనున్న బాయిలర్ గది తలుపు తీశాను. కట్టిన అట్టపెట్టెలన్నీ బాయిలర్‌కు ఆనించి పేర్చి ఉన్నాయి. ఇసుక వస్తోందని గాలి కన్నాల్లో పాత దుప్పటి కుక్కారు. మంట ఎర్రగా మసిపొగ కక్కుతోంది. ఒక పెట్టె అంచు అప్పటికే గోధుమరంగుకు మాడింది. వెంటనే స్విచ్ ఆపాను.

“భాయ్, పిల్లల్ని ఎత్తుకొని బయటికి పోండ్రి. చెప్పులు గూడ చూస్కోకుండ్రి, నడువుండ్రి,” అన్నాను. ఆయన పెద్దబిడ్డను భుజాన వేసుకుని, భార్యను నడిపించుకుంటూ బయటికి వచ్చాడు. చిన్నపిల్లను నేనెత్తుకున్నాను. మెడ వాలిపోతోంది. వాకిట్లో చలిలో ఆ పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టారు. కంటికి కనబడని విషపు గాలి పీల్చారనీ, ఇంకో గంట గడిస్తే ఏమయ్యేదో చెప్పలేమనీ డాక్టరు అన్నాడట.

చాచాకు చెబితే ముందు, “బిడ్డలెట్లుండారు?” అన్నాడు. బాగున్నారన్నాక, “ఆ పెట్టెలిప్పుడు యాడ పెట్టినారు?” అన్నాడు. ఆ మధ్యాహ్నమే ఇద్దరం వెళ్ళి పెట్టెలన్నీ హాల్లోకి మోశాం, బర్నరూ పొగగొట్టమూ శుభ్రం చేశాం. ఒక పెట్టె మీద చిన్నపిల్ల పెన్నుతో తన పేరు వంకరటింకరగా రాసుకుంది. చాచా దాన్ని దించకుండా కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కూతుళ్ళు వెళ్ళి అప్పటికి నెల కూడా కాలేదు.

తర్వాత చాచా ఫైనల్ ఎగ్జిట్ మీద సౌదీ వదిలి ఊరికి వెళ్ళిపోయాడు, కొన్నేళ్ళకు నేనూ వచ్చేశాను. నంబర్లు మారాయి, మనుషులు చెదిరిపోయారు. ఇప్పుడు ఏ పనైనా ఫోన్లో చూసి నేర్చుకుంటున్నారు. మంచిదే. కానీ పక్కన నిలబెట్టుకుని, విసుక్కున్నా వదలకుండా నేర్పే మనిషి నాకు దొరికాడు. ఆ పిల్ల ఈపాటికి హైస్కూల్లో ఉంటుంది. ఆ ఉదయం తనకు గుర్తుండదు. గుర్తుపెట్టుకోవలసినంత కీడు జరగనివ్వనందుకే, చాచా ఎక్కడున్నా, నేను మనసులో దణ్ణం పెట్టుకుంటాను.