పాడే రోజు పెరుగన్నం

మొన్న ఆఫీస్‌కి డ్రైవ్ చేస్తుంటే రేడియోలో ఒక మగగొంతు, మరీ పైదీ మరీ కిందిదీ కాని నిండైన నడిమి గొంతు, అర్థంకాని భాషలో ఏదో పాడుతుంటే, వెళ్ళాల్సిన దారి వదిలేసి ఓ దుకాణం పార్కింగ్‌లో కారు ఆపుకుని కూర్చుండిపోయాను.

సన్నీవేల్‌లో మా పాత అపార్ట్‌మెంట్ గోడలు ఎంత పల్చనివో మీలో ఆ రోజుల్లో అమెరికా వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు. మా కింది వాటాలో ఒక నార్వే గాయకుడు ఉండేవారు. ఆయన సాధన మొదలెడితే మా కుక్కర్ మూడో విజిల్ మింగేసేదనీ, పార్కింగ్‌లో కార్లన్నీ అలారం మోగించేవనీ ఫ్రిస్కో స్నేహితులకి ఫోన్‌లో చెప్పేవాణ్ణి. నా మాటలో సగం కోసేసి నమ్మడం వాళ్ళకి అలవాటు. ఇప్పుడు చెప్పబోయే ఈ ఒక్కటీ మాత్రం కోయకండి.

యూరప్‌లో ఒపేరాలు, అంటే మన పద్యనాటకంలా కథంతా పాటగా నడిచేవి, పాడి పేరు తెచ్చుకుని ఇక్కడికొచ్చిన ఆయనకి గొంతులో కణితి లేచి ఆపరేషన్ అయింది. కోలుకున్నాక, మళ్ళీ తీసుకోవాలో వద్దో తేల్చుకోవడానికి నాటక కంపెనీ పెద్దలు ఆయన్ని ఒక మధ్యాహ్నం తమ హాలుకొచ్చి పాడమన్నారు. అది తప్పితే ఆయనకి ఇంకో వేదిక లేదు. పాడే రోజు పొద్దుటి నుంచి ఆయన నోరు విప్పరు; కఫం చేరుతుందని పాలూ పెరుగూ ముట్టరు. కార్‌లో తీసుకెళ్తానన్నాను కనుక ముందే మా ఇంటికొచ్చి కూర్చున్నారు.

నేను స్నానం చేసి వచ్చేసరికి, పాప పుట్టిందని సాయానికొచ్చిన మా అత్తగారు ఆయన కంచంలో పెరుగన్నం మారు వడ్డిస్తున్నారు.

“అత్తయ్యగారూ, ఆయన ఇవాళ పెరుగు తినకూడదండీ.”

“వద్దనలేదే బాబూ. మొహమాటం అనుకున్నా. వద్దనుకున్నవాడు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టడూ?”

ఆయన చెయ్యి పెట్టింది గుండెల మీద. వద్దు, మీ దయ, అని ఆయన మర్యాద. ప్రాణం చల్లబడిందంటున్నాడని ఆవిడ సంతోషం. పెద్దావిడ పెట్టింది తోసెయ్యలేక కంచం ఖాళీ చేసే లేచారు.

హాలు వెనక వరసలో కూర్చుని విన్నాను. మొదటి పాట నిండుగా సాగింది. రెండోదాంట్లో, గొంతు మెల్లగా పైకి లేవాల్సిన చోట, గుడ్డ చిరిగినట్టు జీర వచ్చింది. ఆగి, మళ్ళీ అందుకున్నారు. మళ్ళీ అక్కడే. పెద్దలు చాలా మర్యాదగా థాంక్యూ చెప్పారు.

తిరుగు దారిలో, ఆ రోజు మొదటిసారి నాతో మాట్లాడారు. “ఇట్ వాజ్ నాట్ ద రైస్.” ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఆ జీర ఉందట, అమ్మగారికి అన్నం బాగుందని చెప్పమన్నారు. లేనివి అల్లి చెప్పడమే నా వృత్తిలాంటిది కనుక ఎదుటివాళ్ళ అల్లిక ఇట్టే పట్టేస్తాను. ఆయనది మాత్రం ఈ రోజుకీ తేలలేదు. నేల కిందనుంచి రోజూ అదే పాట విన్న నా చెవికి ఆ జీర ఏనాడూ తగల్లేదు.

కొన్నాళ్ళకి పిల్లలకి పాఠాలు చెప్పుకుంటానని నార్వే వెళ్ళిపోయారు. తన పెరుగన్నం తిని అమెరికాలో ఒకాయన పాడాడని మా అత్తగారు కన్నుమూసే దాకా తెనాలిలో అందరికీ చెప్పుకున్నారు. అందులో నేనేమీ కోయలేదు.

ఇప్పుడు మావి మందపు గోడలు. పక్కింట్లో ఎవరు పాడినా, ఏడ్చినా వినపడదు. రెండో గరిటె ఎత్తేలోపే మా పాప “ఐయామ్ గుడ్, నాన్నా” అని లేచిపోతుంది. మాట్లాడకుండా కూర్చున్న మనిషికి మారు వడ్డించేవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు.

రేడియోలో పాట అయిపోయింది. పాడినవారి పేరు చెప్పబోతుండగా కట్టేశాను.