నెల్డా పదకొండు శనివారాలు

కుడి భుజం లోపలి కండరం పీచులు పీచులుగా ఊడిపోయిందనీ, కోసి కుట్టక తప్పదనీ డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత స్టీరింగు తిప్పుకోవచ్చు గానీ యాభై పౌన్ల బలం పెట్టి విల్లు లాగే మాట ఇక మర్చిపోవాలన్నాడు. నెల్డా క్రిబ్స్ బుద్ధిగా విన్నది. సెప్టెంబరు మొదట్లోనే పని కానిచ్చేద్దామని ఆయనంటే మాత్రం కుదరదంది. సెప్టెంబరు రెండో శనివారం విలుకాళ్లకు జింకల వేట మొదలవుతుంది. సరిగ్గా అప్పుడు పోయి ఆసుపత్రి మంచమెక్కడానికి ఆమెకేమైనా పిచ్చా? నవంబరు చివరి వారంలో సోమవారానికి ఆపరేషన్ పెట్టించుకుని, పార్కింగులో బండెక్కి వేళ్లు మడిచి లెక్కేసుకుంది. పదకొండు శనివారాలున్నాయి.

ఆమెకు యాభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్లుగా బడి బస్సు నడుపుతోంది. మొగుడు రాయిస్ లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు దేశం మీదే ఉంటాడు. నాలుగేళ్ల కిందట పక్క ఊళ్లో ఎవరో కంచె పీకేస్తుంటే బోడార్క్ దుంగ ఒకటి అడిగి తెచ్చుకుంది. పసుపురంగు కర్ర, ఇనుమంత గట్టిది. రెండు చలికాలాలు గ్యారేజీలో కూర్చుని చెక్కి విల్లు చేసింది. నది ఒడ్డున పెరిగే సన్నవెదురుతో బాణాలు, వాటికి అడవి టర్కీ ఈకలు. దానికి గురిచూసే అద్దాల్లేవు, కప్పీల్లేవు. పదిహేను అడుగుల్లోకి వస్తేనే కొట్టాలి. ఆ విల్లుతో ఉడుతల్ని కొట్టింది, కుందేళ్లని కొట్టింది, అడవి పందుల్ని కొట్టింది. జింకని మాత్రం కొట్టలేకపోయింది. నా చేత్తో చేసిన విల్లుతో జింకని కొట్టాను అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి నోరారా చెప్పుకోవాలని ఆమె ఆశ. ఆ ఆశకిప్పుడు పదకొండు శనివారాల గడువు పడింది.

ఆల్టమహా నది పక్క చిత్తడి అడవిని పన్నెండు మంది కలిసి వేట కోసం కౌలుకు తీసుకున్నారు. అందులో విల్లు పట్టేది నెల్డా ఒక్కతే, మిగతా వాళ్లంతా తుపాకులే. వాళ్లలో అందరికన్నా పెద్ద నోరు లామర్‌ది. అతను నెల్డా అక్క భర్త, పొగాకు మానేసి ఆ కసినంతా ఉడకబెట్టిన పల్లీల మీద తీర్చుకునే మనిషి. మరదలు విల్లు భుజాన వేసుకుని కనబడితే చాలు, ఆ టమాటా మొక్కకి పాతే కర్ర ఇటిస్తావా అని మొదలుపెట్టేవాడు. నువ్వు చెట్టు మీద పడక్కుర్చీ వేసుకుని నిద్రపోతూ చేసేదాన్ని వేట అనరు, కునుకు అంటారు అని ఆమె తగిలించేది. అక్క ఇద్దర్నీ తిట్టి మెత్తటి రొట్టెల్లాంటి బిస్కెట్ల మీద మాంసం గ్రేవీ పోసి పెట్టేది.

ఉడుతల వేటకు ఆగస్టు నడిమధ్య నుంచే అనుమతి. బస్సు పొద్దుటి తిరుగుడు ముగిశాక మధ్యాహ్నం దాకా ఖాళీ కదా, నెల్డా రోజూ ఆ సందులోనే అడవిలో దూరేది. ఉడుతకి వాడి ములికి అక్కర్లేదు, మొద్దు ములికి చాలు, దెబ్బకే పడిపోతుంది. మొదటి వారంలో తొమ్మిది బాణాలు ఓక్ కొమ్మల్లోకి పోయి అక్కడే కాపురం పెట్టాయి, ఉడుతలు మాత్రం రెండే దిగాయి. ఆ రెంటినీ పిండి ఉండలేసి పులుసు పెట్టింది. ఒక్కో ఉడుతకి నాలుగున్నర బాణాలు ఖర్చయినా ఆమెకు గర్వం తగ్గలేదు. రాయిస్ ఎక్కడో టెక్సాసులో ఉంటే ఫోను చేసి మరీ చెప్పింది.

పంది సంగతే చెప్పుకోవాలి. సెప్టెంబరు మూడో శనివారం, పామెట్టో అనే పొట్టి తాటి పొదల్లో మోకాళ్ల మీద పాకుతుంటే ముందు వాసనొచ్చింది, తర్వాత గుర్రుమనే చప్పుడు వచ్చింది. గాలి ఎదురుగా కొడుతోంది, మంచిదే. ఎనిమిది అడుగుల దూరంలో పొద ఊగి, నల్లటి మూతి బయటికొచ్చింది. ఆమె విల్లు పక్కకి వంచి లాగి వదిలింది. బాణం ముందుకాలి వెనక ఈకల దాకా దిగింది. చక్కగా చచ్చిపోవాల్సిన పంది కాస్తా ఒక్క అరుపు అరిచి, ఆమె ఉన్న వైపుకే ఉరికింది. నెల్డా పట్టుకున్న చెట్టు ఆమె తొడంత లావు కూడా లేదు. అయినా ఎక్కింది. ఒక బూటు బురదలో ఉండిపోయింది, టోపీ ఎటు పోయిందో తెలియదు. పంది చెట్టు మొదట్లోకొచ్చి, ఆ బూటు మీదే పడి ప్రాణం వదిలింది. ఆమె కొమ్మ మీద కూర్చుని గట్టిగా నవ్వింది. నవ్వుతుంటే భుజం కలుక్కుమంది గానీ పట్టించుకోలేదు.

లామర్ వచ్చి ఈడ్చిపెట్టాడు. నూట నలభై పౌన్ల పంది. పంది బాణం దెబ్బకి పోయిందా, బూటు కంపుకి పోయిందా అని నెలంతా అడిగాడు. సాసేజి చేసి పంపితే మాత్రం రెండు డబ్బాలు ఖాళీ చేశాడు.

అక్టోబరంతా జింకలే. ఓక్ చెట్ల కాయలు రాలుతున్నాయి, జింకలు వాటి కిందికొస్తున్నాయి. ఒక పెంటి జింక పదమూడు అడుగుల్లో నిలబడింది. నెల్డా వదిలింది. నారి చప్పుడికే అది కిందికి కుంగి, బాణం వీపు మీదుగా పోనిచ్చి, తోకెత్తి చక్కాపోయింది. తర్వాతి వారం ఇంకో పెంటి కూడా అచ్చం అదే పని చేసింది. ఆమె నేల మీద కూర్చుని దాన్నీ, దాని తల్లినీ, ఆ కుంగడం కనిపెట్టిన జాతినంతా తిట్టింది. తర్వాత నారికి బీవరు అనే నీటిజంతువు బొచ్చు కుచ్చులు కట్టి చప్పుడు తగ్గించింది. రాత్రిళ్లు భుజం మీద ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బఠాణీల సంచి పెట్టుకుని, మిగిలిన శనివారాలు లెక్కపెట్టుకునేది. ఐదు మిగిలాయి, తర్వాత మూడు, తర్వాత ఒకటి.

ఆఖరి శనివారానికి తుపాకుల వేట కూడా జోరు మీదుంది. అందరితో పాటు నెల్డా మనుషులని దూరానికే తెలిసే నారింజరంగు జాకెట్టు తగిలించుకుని, చీకటి విడకముందే సైప్రస్ చెట్ల మడుగు పక్కన పడిపోయిన దుంగ వెనక చేరింది. ఏడున్నరకి ఓక్ కింద ఆకులు గలగలమన్నాయి. పెద్ద పెంటి, ఒంటరిగా వస్తోంది. ఇరవై అడుగులు, పద్దెనిమిది, పద్నాలుగు. ఆగి, తల దించి కాయ కొరికింది. పక్క పూర్తిగా ఇటు తిప్పింది. అంతకన్నా మంచి అదును ఈ విల్లు పట్టాక ఆమెకెప్పుడూ దొరకలేదు. విల్లు ఎత్తి లాగింది.

నారి దవడ దగ్గరికొచ్చేసరికి భుజంలో ఏదో టక్కుమని జారింది. అప్పుడు నెమ్మదిగా దించేయాలి. ఆ మాట ఆమెకు తెలుసు, ఎవరికైనా నేర్పేటప్పుడు ఆమె మొదట చెప్పేదే అది. దించలేదు. మళ్లీ శనివారం లేదు కదా అని వదిలేసింది.

బాణం తగిలింది, కానీ గుండెకి వెనగ్గా తగిలింది. జింక వీపు గూనిలా పైకి వంచి, పరిగెత్తకుండా, తోక ముడుచుకుని మెల్లగా మడుగు వైపు పొదల్లోకి నడిచి వెళ్లిపోయింది. అవతల నేలలో గుచ్చుకున్న బాణం పీకి చూస్తే, వెదురు మీద ఆకుపచ్చటి జిగురు. వాసన చూసింది. కడుపు దెబ్బ.

కడుపు దెబ్బ తిన్న జింక వెంట వెంటనే వెళ్లకూడదు. దగ్గరే ఎక్కడో పడుకుంటుంది. వదిలేస్తే అక్కడే పోతుంది. తొందరపడి వెళితే లేచి మైలు దూరం పోయి, నెత్తురు చుక్క కూడా రాల్చకుండా మాయమవుతుంది. ఐదారు గంటలు ఆగాలి. ఐదేళ్ల కిందట వేరే విల్లుతో కొట్టినప్పుడు నెల్డా గంటన్నర కూడా ఆగలేక వెళ్లింది. ఇంకా వెచ్చగా ఉన్న ఖాళీ పడక ఒక్కటే కనబడింది. వారం తర్వాత గద్దలు తిరుగుతుంటే ఎక్కడుందో తెలిసింది. ఇంకోసారి ఆ పని చేస్తే తనని తాను క్షమించుకోలేదు.

లామర్‌కి ఫోను చేసి, వెనక్కి నడిచి వచ్చి బాటలో కలిసింది. తుపాకీ భుజాన వేసుకుని పల్లీలు నములుతూ వచ్చాడు. బాణం చూసి నమలడం ఆపేశాడు. దక్షిణాన ఆకాశం నల్లబడుతోంది. పదింటికల్లా వాన దిగుతుందని, దిగితే జాడంతా కడుక్కుపోతుందని, ఇప్పుడే పోదాం పదమని అన్నాడు. కాదంది. అతను మళ్లీ అడిగాడు, తర్వాత బతిమాలాడు, ఆ తర్వాత కోప్పడ్డాడు.

"సోమవారం నీ చెయ్యి కోస్తారే. ఇది పోతే నీకింకోటి లేదు. తెలుస్తోందా?"

"తెలుసు బావా. అందుకే ఒకసారి తొందరపడ్డాను. రెండోసారి పడను."

పది కాకముందే వాన దిగింది. మామూలు వాన కాదు, బండి అద్దం మీద బకెట్లతో పోసినట్టు. ఇద్దరూ లామర్ బండిలో కూర్చున్నారు. ఆమె కుడిచెయ్యి ఒళ్లో పడేసుకుని గడియారమే చూస్తోంది. పదకొండయింది, పన్నెండయింది. అతను ఒక్క వెటకారం ఆడలేదు. దానికే ఆమెకు ఎక్కువ భయమేసింది. పోదాం అని నోటిదాకా వచ్చిన మాటని ఎన్నిసార్లు మింగిందో ఆమెకే తెలియాలి. ఒంటిగంటకి తలుపు తీసింది.

జాడ లేదు. ఆకులన్నీ కడిగి పెట్టినట్టున్నాయి. కానీ కడుపు దెబ్బ తిన్నది నీళ్ల దగ్గరికే పోతుంది, దట్టమైన పొద చూసుకునే పడుకుంటుంది. నెల్డా మడుగు అంచు పట్టుకుంది. ఒక అడుగు వేయడం, ఆగడం, చూడటం, మళ్లీ ఒక అడుగు. వాన చప్పుడు ఇప్పుడు వాళ్లకే సాయం. లామర్ ఐదడుగులు వెనక, తుపాకీ నేలకి వంచి వస్తున్నాడు. ఎనభై అడుగులు నడిచారో లేదో, విరిగిపడ్డ చెట్టు వెనక ఒక చెవి కదిలింది.

అక్కడుంది. పడుకునే ఉంది, కానీ తలెత్తి ఉంది, బతికే ఉంది. పన్నెండు అడుగులు. దొరికింది, దొరికింది అని నెల్డా లోపల ఒకటే అరుపు. బాణం ఎక్కించి లాగింది. నారి నాలుగు వేళ్ల మేర వచ్చి ఆగిపోయింది. పళ్లు బిగించి మళ్లీ లాగింది. కళ్లల్లోకి నీళ్లొచ్చాయి గానీ నారి రాలేదు. చెయ్యి తనది కానట్టే ఉంది.

వెనక నుంచి లామర్ గుసగుసగా అన్నాడు. సీజనంతా ఏడిపించిన మనిషి గొంతు కాదది.

"ఊపిరి తీసుకో. ఇంకోసారి చూడు. అది లేవలేదు. ఎంతసేపైనా సరే, నేనాగుతాను."

తుపాకీ అతని చేతిలోనే ఉంది. ఆమె అడక్కుండా దాన్ని ఎత్తే ఉద్దేశం అతనికి లేదని ఆమెకు అర్థమైంది. అది ఆమె జింక కావాలని అతనూ అంత కోరుకుంటున్నాడని ఆ క్షణం దాకా ఆమెకు తెలియదు. ఇంకో అరగంట ఆగితే జింక దానంతటదే పోతుందేమో. అప్పుడు మొత్తం తనదే. నెల్డా దాని మొహం చూసింది. నోరు తెరిచి ఊపిరి పీలుస్తోంది, తల కిందికి వాలుతోంది, మళ్లీ ఎత్తుతోంది.

"నేనాగగలను బావా. అది ఇంక ఆగకూడదు. కాల్చు."

"నెల్డా."

"కాల్చమంటున్నాను కదా."

ఒక్క దెబ్బ. తల ఆకుల మీద వాలింది, మళ్లీ లేవలేదు. నెల్డా దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఎడంచేత్తో తడిసిన మెడ నిమిరి, సిగ్గుపడకుండా ఏడ్చింది. లామర్ మొహం తుడుచుకున్నాడు. వాన కదా, అతన్ని ఏమీ అనడానికి లేదు. తర్వాత చెరో వెనక్కాలు పట్టుకున్నారు. అతను రెండు చేతులతో, ఆమె ఒక చేత్తో బండి దాకా ఈడ్చారు.

జింకల తోలు తీసే రేకుల షెడ్డు కింద అప్పటికే ఆరుగురున్నారు. అక్కడొక కట్టుబాటు ఉంది. మొదటి నెత్తురు ఎవరు తీస్తే జింక వాళ్లది, చివరి దెబ్బ ఎవరిదైనా సరే. వీపు కండ వాళ్లింటికే పోతుంది, పేరూ వాళ్లదే. ఆ లెక్కన అది నెల్డాదే, వేలెత్తి చూపేవాడు ఆ షెడ్డు కింద ఒక్కడూ ఉండడు. బండి తొట్లోకి తొంగిచూసి ఒకాయన, ఎవరు కొట్టారని అడిగాడు. లామర్ ఛాతీ విరుచుకుని, మా మరదలు అనడానికి నోరు తెరిచాడు.

"మా బావ కొట్టాడు," అంది నెల్డా, అతనికన్నా ముందు, అందరికీ వినబడేలా. "నేను దాన్ని ఐదున్నర గంటలు బాధపెట్టాను, అంతే. ఆ కత్తి ఇటివ్వండి, ఎడంచెయ్యి బాగానే ఉంది."