సొరపాదుకు నీళ్లు

ఎండకు కాలిన మట్టి మీద పైపు నీళ్లు పడగానే లేచే వాసన నన్ను ఇప్పటికీ చర్ల దగ్గరి మా ఆశ్రమ పాఠశాలకు లాక్కుపోతుంది. ఈ ఉదయం ముదిగొండలో, నేను పాఠాలు చెప్పే బడి పెరట్లో సొరపాదుకు నీళ్లు పెడుతుంటే మళ్లీ అదే జరిగింది. సుగుణ టీచర్ పక్కనే నిలబడి కొంగుతో చెమట తుడుచుకుంటున్నట్టే అనిపించింది. మాకు సాంఘికశాస్త్రం చెప్పేది. గొంతు పెద్దదే గానీ మనసు వెన్న. హాస్టల్లోనే ఒక గదిలో ఉండేది. ఆ గది వెనక తోట వేసి, పుట్టింటి నుంచి తెచ్చిన విత్తనాలతో పెంచిన సొరపాదును కన్నబిడ్డలా చూసుకునేది.

నేను పదో తరగతిలో ఉన్న ఏడు, సరిగ్గా పరీక్షల ముందు బోరు అడుగంటింది. ఇలాగే ఉంటే పిల్లల్ని ఇళ్లకు పంపక తప్పదని వార్డెన్ మేడం చెప్పేసింది. ఇంటికి వెళ్లిన ఆడపిల్ల మళ్లీ బడికి వస్తుందన్న నమ్మకం మా ఊళ్లలో ఎవరికుంది? మా అమ్మ అప్పటికే మిరపకాయలు ఏరే కూలీల్లో నా పేరు చెప్పి ఉంచింది. ఆ భయంతో పిల్లలమంతా ఒక పిచ్చి పని చేశాం. మా పోడు చేలకు వానే దిక్కు. ఎండాకాలం వాగు ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరేదాకా కూర్చుని ముంచుకునేవాళ్లం. మాకు నీళ్లంటే తాగేవి, వండుకునేవి, అంతే. అందుకే నీళ్లు పొదుపు చేయాలంటే తాగడం తగ్గించాలనుకున్నాం. చివరికి ఒక పిల్ల ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయింది.

సుగుణ టీచర్ ఆ పిల్లకు మజ్జిగ తాగించి, పుస్తకం తెరవకుండానే పాఠం మొదలుపెట్టింది.

"మీరు తాగేదెంత బిడ్డా? మన దేశంల నీళ్లు ఎక్కువ పోయేది పొలాలకు. కొన్ని దేశాలల్ల ఫ్యాక్టరీలకే ఎక్కువ పోతయ్. ఏ దేశంల చూసినా మనుషులు తాగేది కొంచెమే. ఫస్టు ఎక్కువ యాడ పోతున్నయో చూడాలె గానీ, గిట్ల గొంతు ఎండబెట్టుకుంటరా?"

"మరి మన హాస్టల్ల యాడ పోతున్నయ్ టీచర్?" అన్నాను. అన్నాక గానీ పొద్దున, సాయంత్రం ఆమె తోటలో పారే పైపు గుర్తు రాలేదు. నాలుక కరుచుకున్నాను. క్లాసంతా తలలు దించుకుంది.

ఆమె కిటికీలోంచి పాదు వైపు కాసేపు చూసింది. "అవ్, నా తోటకే," అంది. వెళ్లి పైపు ఊడదీసి, చుట్ట చుట్టి గదిలో పెట్టి వచ్చింది. "మీరే ఇండ్లకు పోయినంక సొరకాయలు ఎవరికి వండాలె?" అని నవ్వింది.

బొటాబొటిగా ఉన్న నీళ్లతోనే పరీక్షలయ్యేదాకా హాస్టల్ నడిచింది. ఆఖరి పరీక్ష రాసి వచ్చేసరికి ఆమె పందిరి మీంచి ఎండిన తీగలు లాగుతోంది. చూసి ఏడ్చేశాను.

"ఏంది బిడ్డా, ఇత్తులున్నయ్ గదా!" అంటూ ఒక ఎండు సొరకాయను గలగలమని ఊపి నా చేతిలో పెట్టింది.

ఈ బడి పాదు ఆ విత్తనాలదే. పొద్దున నేను దానికి నీళ్లు పెడుతుండగా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి వచ్చి, "ట్యాంకుల నీళ్లు తక్కువున్నయ్ టీచర్, దీనికి గిన్ని ఎందుకు?" అని అడిగేసింది. అడిగి, భయంగా నా ముఖంలోకి చూసింది.

నాకు కోపం రాలేదు, సుగుణ టీచర్. పైపు కట్టేసి, ఆ పిల్లను దగ్గరికి పిలిచాను.