శ్రీశైలానికి ఈశాన్యంలో

కృష్ణ ఒడ్డున మా ఊరి వన్ టౌన్‌లో ఇనుప సామాను గోడౌన్ల వెనక మా భజన మందిరం. శనివారం సాయంత్రం హమాలీలు బండ్లు పక్కకు లాగేశాక అక్కడ శాస్త్రపాఠం జరిగేది. తొంభైల్లో ఒకసారి నన్ను మాట్లాడమన్నారు. హిందూధర్మం పరాయి ప్రభువుల కింద పడ్డ పాట్లన్నీ ఏకరువు పెట్టాను. సుల్తానులు, నవాబులు, కంపెనీ దొరలు, ఎవరినీ వదల్లేదు. ఆవేశంలో గొంతు పోయింది.

పాఠం చెప్పే గురువుగారు నాకు మంచినీళ్ళు ఇప్పించి అడిగారు. "రోజూ సంకల్పం చెప్పుకుంటావుగా. అందులో రాజు పేరు ఎక్కడుందిరా?"

ఎక్కడా లేదు. పూజకు కూర్చున్నవాడు తాను ఏ కాలంలో, ఏ చోట ఉన్నాడో దేవుడికి విన్నవించుకునే మాటలే సంకల్పం. బ్రహ్మ ఆయుష్షుతో మొదలై, జంబూద్వీపం, భరతఖండం మీదుగా దిగివచ్చి, శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణా గోదావరుల మధ్య మనం కూర్చున్న పీట దగ్గర ఆగుతుంది.

"గోల్కొండ వాళ్ళున్నప్పుడూ ఇదే చెప్పాం, దొరలున్నప్పుడూ ఇదే చెప్పాం. ఈ మందిరంలో దీపానికి మొదట మాన్యమిచ్చింది నవాబు కొలువులో మనిషేనంటారు. గుళ్ళు కూలిన మాట నిజమే, అదీ చెప్పు. నిలిచింది ఎలా నిలిచిందో కూడా చెప్పు నాయనా," అన్నారు.

ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది 2004 కృష్ణా పుష్కరాల్లో.

అప్పటికి మందిరంలో పాఠాలు నేనే చెబుతున్నాను. మందిరం తరఫున ఘాట్‌లో యాత్రికులకు సాయం చేసే పని నాకు పడింది. ఒక ఉదయం మారిషస్ నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. ఆయన ముత్తాత తెల్లవాళ్ళ కాలంలో చెరకు తోటల్లో పనికని ఓడెక్కాడట. ఇంట్లో తెలుగు ఎప్పుడో పోయింది. గుళ్ళో సాయంత్రం బడికి వెళ్ళి నేర్చుకున్న తెలుగు ఆయనది, పాఠ్యపుస్తకం చదివినట్టు ఉండేది.

పిండప్రదానానికి నా ఈడు పురోహితుడొకాయన దగ్గరకు తీసుకెళ్ళాను. అరిటాకు పరిచి దర్భలు చేతికిస్తుంటే పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అయ్యా, ముందు నాకు ఒక జవాబు కావలెను. మా నాన్నకు ఇన్నాళ్ళు నేను పెట్టినవి చేరినవా, లేదా?"

"అదేం ప్రశ్నండీ?" అన్నాడు పురోహితుడు.

సంగతి భార్య చెప్పారు. వాళ్ళ దీవికి ఇండియా నుంచి ఒక కొత్త పంతులుగారు వచ్చారట. వీళ్ళ సంకల్పం విని, ఉన్న చోటు వదిలేసి లేని చోటు చెబుతున్నారు, చేసిన కర్మలేవీ చెల్లవు అన్నారట. ఆ రోజు నుంచి ఈయనకు అన్నం సయించడం లేదు.

"ఏదీ, మీ సంకల్పం చెప్పండి చూద్దాం," అన్నాడు పురోహితుడు.

పెద్దాయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టారు. అక్షరాలు చాలా చోట్ల అరిగిపోయాయి. అయినా ఒక మెట్టూ తప్పలేదు. "...శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే..."

చుట్టూ సముద్రమున్న దీవిలో కూర్చుని తరతరాలుగా వీళ్ళు దేవుడికి చెబుతున్నది మా చిరునామా! ఓడెక్కిన మనిషి తన వెంట తీసుకెళ్ళింది తీసుకెళ్ళినట్టే పిల్లలకు అప్పజెప్పాడు. అర్థం తెలియని పిల్లలు ఒక్క మాటా మార్చకుండా మోశారు.

కానీ శాస్త్రప్రకారం ఆ పంతులుగారన్నదే సబబు. నన్నడిగితే నేనూ అదే చెప్పేవాణ్ణి. అందుకే పురోహితుడి మొహం చూశాను.

"తప్పేనండీ," అన్నాడతను. పెద్దాయన తల దించుకున్నారు. "తప్పే, సరే. పిలిచింది ఎవర్ని? మీ నాన్నగార్ని ఒక్కర్నేనా? తండ్రి, తాత, ముత్తాత, ముగ్గుర్నీ కలిపేగా పిలుస్తాం. పిండాలు మూడు ఎందుకనుకున్నారు? మీ ముత్తాతగారిది ఈ నేలే. కృష్ణ ఒడ్డు అంటే వెతుక్కోకుండా వచ్చేస్తాడాయన. మీ దీవి పేరు చెబితేనే తడబడేవాడేమో!"

"మా నాన్న అక్కడ పుట్టినారు కదా అయ్యా?"

"అయితే? వాళ్ళ తాత చెయ్యి పట్టుకుని తీసుకురాడా ఏంటి?"

భార్య ఫక్కున నవ్వారు. "నేను చెప్పలేదా? మామగారు దారి తప్పే మనిషి కాదు!"

పురోహితుడు నా వైపు తిరిగాడు. "ఏవండీ, మందిరంలో పాఠాలు చెబుతారుగా. ఒప్పుకుంటారా?"

"ముగ్గురూ కలిసే వస్తారన్నది శాస్త్రమేనండీ. ఒప్పుకున్నా," అన్నాను. మొహమాటానికి అన్న మాట కాదది. ఇప్పటికీ అదే నమ్ముతున్నాను.

పెద్దాయన ఇంకా దర్భలు అందుకోలేదు. "ఇకముందు ఏమి చెప్పవలెను? ఇది తీసివేయవలెనా?"

"తీసెయ్యకండి. మా పెద్దలు ఫలానా చోటు నుంచి వచ్చారని ముందు చెప్పండి. మేం ఫలానా దీవిలో ఉన్నామని తరవాత చెప్పండి. మీ పిల్లలకి అదేగా ఊరు, దేవుడికి తెలియొద్దూ?" అంటూ దర్భలు మళ్ళీ ఆయన చేతిలో పెట్టాడు. "ఇవాళ మట్టుకు మీ ముత్తాతగారి సంకల్పమే చెప్పండి. ఇవాళ అది ఒప్పు."

పెద్దాయన మొదలుపెట్టారు. "...కృష్ణా" అని నది పేరు దగ్గర ఆగారు. కళ్ళు తెరిచి ఎదురుగా నీళ్ళ వైపు చూశారు. చుట్టూ స్నానాల రద్దీ, గోల.

"ఆపకండి, మధ్యలో ఆపకూడదు," అని పురోహితుడు కసిరాడు.

"గోదావర్యోర్మధ్యదేశే," అన్నారు ఆయన, ఈసారి కళ్ళు తెరిచే.