మావయ్య చెప్పిన రాతి చమురు

నేను భిలాయి వెళ్ళింది మా మేనమామకు క్షమాపణ చెప్పుకోవడానికి. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి, రిటైరై అక్కడే రిసాలిలో ఉంటున్నాడు. కిందటేడు మా గృహప్రవేశానికి వచ్చినప్పుడు, పెట్రోలు చచ్చిన జీవాల్లోంచి రాలేదనీ, భూమి అడుగున రాళ్ళు కాగి పుట్టిందనీ అన్నాడు. సైన్సు టీచర్ని కదా, అందరి ముందూ పకపకా నవ్వాను. మళ్ళీ ఆయన ఫోన్ చేయలేదు. ఈ వేసవిలో ఏదో చదువుతుంటే తెలిసింది: సున్నపురాయి, ఇనుప ఆక్సైడు, నీరు కలిపి విపరీతమైన ఒత్తిడిలో వేడిచేస్తే మీథేన్ వాయువు పుడుతుందట, ఏ జీవమూ అక్కర్లేకుండానే.

విజయనగరంలో రాత్రి రైలెక్కితే ఉదయం ఏడింటికి రాయ్‌పూర్. స్టేషన్లో పోహా తిని, టీ తాగి, లోకల్ పట్టుకున్నాను. పక్క సీటులో భిలాయి క్యాంప్ 2 బస్తీలో ఉండే కాంట్రాక్టు కార్మికురాలు, మన వైపు మనిషే.

"దీదీ, దుర్గ్ దాకా ఎల్లకండి. పవర్‌హౌస్‌లో దిగీండి, ఆటో సీదా రిసాలి ఎల్లిపోద్ది."

మీరెప్పుడైనా వెళ్తే అలాగే దిగండి. పదింటికల్లా గుమ్మంలో ఉన్నాను.

"ఏటమ్మీ, సెప్పకుండా వచ్చీసేవు!" అంటూ అత్త మంచినీళ్ళిచ్చింది. వరండాలో మావయ్య పేపరు దించలేదు. పక్కన కూర్చుని చదివిందంతా చెప్పాను. అప్పుడు పేపరు మడిచాడు.

"ఇనపరాయి, సున్నపురాయి! నౌకరీ అంతా ఫర్నేసులో పోసినవి అయ్యే గదే. అయితే నా మాటే సహీనా?"

ఔననేస్తే ఆ పూటకు అంతా సర్దుకునేది.

"సగమే మావయ్యా. అలా పుట్టేది గ్యాసు. అదీ వంద కిలోమీటర్ల లోతున ఉండేటంత ఒత్తిడిలో. మనం తోడుకునే చమురులో మాత్రం ఒకప్పటి సముద్ర జీవాల ఆనవాళ్ళున్నాయి. ఎక్కువమంది శాస్త్రజ్ఞులు ఆ మాటే అంటారు."

ఆయన మడిచిన పేపరు పక్కన పెట్టాడు.

"నువ్వు కాదన్నావని కాదే నా బాధ. అందరి ముందూ నవ్వీసేవు."

"తప్పే, మావయ్యా."

"సర్లే. ఇంకోపాలి సెప్పు, నెమ్మదిగా."

అత్త రెండుసార్లు భోజనానికి పిలిచినా ఇద్దరం లేవలేదు.

మర్నాడు పొద్దున్నే మావయ్యే స్కూటర్ మీద దుర్గ్ స్టేషన్లో దింపాడు. రైలెక్కబోతుంటే ఆపి అడిగాడు.

"అమ్మీ, అంత లోతున పుట్టిన గ్యాసు పైకెలా వస్తాదే? దారేటి?"

"తెలీదు మావయ్యా. కనుక్కుని చెప్తాను."

భిలాయిలో చూడదగ్గవి చాలా ఉన్నాయట. నేను ఆ వరండా తప్ప ఏమీ చూడలేదు. రాయగడ దగ్గర కొండల సొరంగాలు దాటుతుంటే ఆలోచించాను: ఇన్నేళ్ళ పాఠాల్లో పిల్లల ముందు ఒక్కసారైనా "తెలీదు" అన్నానా అని. అన్నట్టు గుర్తు లేదు.